దయ్యాల ఊళ్లో ‘వద్దు’ అనకండి

దయ్యంతో కొట్లాటకు దిగేముందే వేషం మార్చుకోవాలి. మధ్యలో మార్చుకుంటే మన వంతు ఒకటి పోతుంది, ఆ సందులో దయ్యం రెండు దెబ్బలు వేస్తుంది. ఈ సంగతి నాకు అరవై రెండో ఏట తెలిసింది. ఆలస్యంగా తెలిసిందని నాకేం చింత లేదు. తెలియకముందు ఎన్ని దయ్యాల చేత తన్నులు తిన్నానో, తెలిశాక అంతకు రెట్టింపు దయ్యాలను తన్నాను.

నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. నేను చెప్తున్నది వీడియో గేము సంగతే. అది నా చేతికి ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు నా చెయ్యి సంగతి చెప్పాలి.

నేను కాకినాడ దగ్గర రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఉద్యోగం చేశాను. కంప్యూటర్లు రాని రోజుల్లో దస్తావేజుల నకళ్లన్నీ చేత్తోనే రాసేవాళ్లం. నా రాత గుండ్రంగా, నిలువుగా, ఒక్క సున్నా కూడా పక్కదానికి ఆనుకోకుండా ఉండేదని పై అధికారులు కూడా ఒప్పుకునేవారు. ప్రతి నకలు చివరా ‘కొట్టివేతలు లేవు, దిద్దుబాట్లు లేవు’ అని రాసి కింద సంతకం పెట్టేదాన్ని. ఆ మాట రాసేటప్పుడు నాకు కలిగిన గర్వం జీతం తీసుకున్నప్పుడు కూడా కలగలేదు. చదువు రానివాళ్లు వస్తే వాళ్ల ఎడమ బొటనవేలు పట్టుకుని, సిరా దిండు మీద దొర్లించి, కాగితం మీద అద్దించడం కూడా నా పనే. ‘వేలు వదులుగా పెట్టండి’ అనేదాన్ని. కొందరు తల దించుకునేవాళ్లు. ఎందుకు దించుకుంటున్నారో నేను పెద్దగా ఆలోచించలేదు.

రిటైరయ్యాక హైదరాబాదులో, హఫీజ్‌పేట్‌లో కొడుకూ కోడలితో ఉంటున్నాను. కిందటి వానాకాలం హఫీజ్‌పేట్ స్టేషన్ మెట్ల మీద కాలు జారి పడ్డాను. కుడి మణికట్టు విరిగింది. ఎముక సరిచేసేముందు ఆసుపత్రిలో ఏదో కాగితం మీద సంతకం కావాలన్నారు. కుడి చెయ్యి విరిగిన కొమ్మలా వేలాడుతోంది. కౌంటరులో ఉన్న అబ్బాయి ఒక్క క్షణం చూసి, సిరా దిండు ముందుకు జరిపి, నా ఎడమ బొటనవేలు పట్టుకున్నాడు.

“వేలు వదులుగా పెట్టండమ్మా” అన్నాడు.

తల తీసేసినట్టయింది. విరిగిన ఎముక కంటే ఆ వేలిముద్రే ఎక్కువ నొప్పి పెట్టింది. ఈ చేత్తో మళ్లీ సంతకం పెట్టేదాకా ఇంక ఏ కాగితం మీదా వేలు పెట్టకూడదని అక్కడే ఒట్టు పెట్టుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఓదారుస్తారు, నాకు ఓదార్పంటే పడదు.

ఆ తర్వాత మూడు నెలలూ మా అబ్బాయి ఆఫీసు పని మీద పుణెలో ఉన్నాడు. ఇంట్లో నేనూ కోడలూ మాత్రమే. కోడలిది కరీంనగర్. ఆరో తరగతి నుంచీ హాస్టళ్లలో పెరిగిన పిల్ల. మా వైపు అత్తయ్యగారూ అంటారు, ఆమె అత్తమ్మా అంటుంది. గచ్చిబౌలిలో ఒక చిన్న కంపెనీలో వీడియో గేములు ఆడి, వాటిలో తప్పులు పట్టడం ఆమె ఉద్యోగం. పెళ్లిచూపుల్లో ఆ మాట విని నవ్వాపుకోలేక నీళ్లు తాగే వంకతో వంటింట్లోకి వెళ్లాను.

పిండికట్టు వేసిన మర్నాడు పొద్దున ఆమె దువ్వెన పట్టుకుని వచ్చింది.

“అత్తమ్మా, జడ వేయనా?”

“వద్దులేమ్మా” అన్నాను.

మా ఇళ్లలో దానికో పద్ధతి ఉంది. మొదటిసారి అడిగితే ‘వద్దులే’ అంటాం. రెండోసారి అడిగితే ‘నీకెందుకు శ్రమ’ అంటాం. మూడోసారి అడిగితే ‘సరే, నీ ఇష్టం’ అని అటు తిరిగి కూర్చుంటాం. నేను రెండోసారి కోసం ఎదురుచూస్తూ అప్పటికే సగం అటు తిరిగాను. ఆమె “సరే అత్తమ్మా” అని దువ్వెన అక్కడ పెట్టి, బ్యాగు తగిలించుకుని ఆఫీసు బస్సుకి వెళ్లిపోయింది.

నేను ఎడమ చేత్తో ఒక క్లిప్పుతో అరగంట కుస్తీ పట్టాను. జుట్టు కాకిగూడులా తయారైంది. తర్వాత కొన్నాళ్లూ ఇదే తంతు. అన్నం కలిపి పెట్టనా అంది, వద్దులే అన్నాను, చెంచా తెచ్చి పెట్టి వెళ్లింది. కాసేపు బయట నడిపించనా అంది, వద్దులే అన్నాను, వెళ్లి లాపుటాపు ముందు కూర్చుంది. పదో రోజునుంచి అడగడమే మానేసింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఫోనులో మా చెల్లెలితో, “ఈ కాలం పిల్లలు మాట వరసకి అడుగుతారే, అంతే” అని ఏకరువు పెట్టాను.

కట్టు విప్పేసరికి నా చెయ్యి ఎవరిదో అన్నట్టుగా ఉంది. బొటనవేలు చిటికెనవేలి మొదటికి కూడా చేరడం లేదు. పెన్ను పట్టుకుంటే జారిపోయింది. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఒక రబ్బరు బంతి ఇచ్చి, రోజూ పిసకమంది.

“ఈ రెండు నెలల్లోనే వేళ్లు వంచాలండి. తర్వాత బిగుసుకుపోతే మేం కూడా పెద్దగా చేయగలిగింది ఉండదు” అంది.

మూడో రోజుకే ఆ బంతిని చూస్తే కోపం వచ్చేది. దాన్ని పిసికితే ఏమొస్తుంది? గెలుపు లేదు, ఓటమి లేదు, ఎదురుగా తిట్టడానికి మనిషి కూడా లేదు. ఒకరోజు సోఫా వెనక్కి విసిరేశాను. కోడలు అది చూసింది.

ఆ శనివారం పొద్దున ఆమె టీవీకి ఏదో డబ్బా తగిలించి, రెండు చేతులతో పట్టుకునే బొత్తాల పరికరం ఒకటి తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

“అత్తమ్మా, జర ఒక సాయం చేస్తరా? మా గేము తెలుగుల వస్తుంది. ఎన్నడు గేము ముట్టనోళ్లు ఆడితే ఎక్కడ ఆగిపోతరో చూడాలె. మా ఆఫీసుల అందరికి ఆటలొచ్చు, ఒక్కరు గూడ పనికొస్తలేరు.”

నాకేమీ రాకపోవడం ఒకరికి పనికొస్తుందని అరవై రెండేళ్లలో ఎవరూ అనలేదు. “ఈ రిమోట్ ఎలా పట్టుకోవాలి?” అన్నాను.

“కంట్రోలర్ అంటరు అత్తమ్మా. ఎడమ బొటనవేలితోని నడవాలె, కుడి బొటనవేలితోని కొట్టాలె.”

కుడి బొటనవేలు అనేసరికి ఆమె ముఖంలోకి చూశాను. ఆమె టీవీ వైపు చూస్తోంది.

ఆట ఇదీ. అక్టోబరు చివర్లో విదేశాల్లో చేసుకునే దయ్యాల పండగ ఉంది కదా, ఈమధ్య మన ఐటీ ఆఫీసుల్లో కూడా నారింజ రంగు తోరణాలు కడుతున్నారు, ఆ పండగ రోజు ఒక చిన్న ఊళ్లో జరిగే కథ. అలిగిన దయ్యం ఒకటి ఊళ్లో దీపాలన్నీ ఎత్తుకుపోయి కొండ మీద ముసుగుతన్ని పడుకుంది. మనం ఒక రెండు జడల పిల్ల. ఇంటింటికీ వెళ్లి తలుపు తట్టి మిఠాయిలు పోగు చేయాలి. వాటితో వేషాలు కొనాలి. పిల్లి వేషం వేస్తే చీకట్లో కనిపిస్తుంది, వంటవాడి వేషం వేస్తే తగిలిన దెబ్బలు మానతాయి, అస్థిపంజరం వేషం వేస్తే కంచె సందుల్లోంచి దూరిపోవచ్చు. దారిలో చిల్లర దయ్యాలు అడ్డుపడతాయి. ఒకసారి మన వంతు, ఒకసారి వాటి వంతు. మన వంతులో తెర మీద ఒక వలయం కుంచించుకుపోతుంది, అది చుక్కంత అయినప్పుడు సరిగ్గా బొత్తం నొక్కితే గట్టి దెబ్బ. భయమేమీ ఉండదు. దెబ్బ తిన్న దయ్యం తుమ్మి మాయమైపోతుంది.

మొదటి గంటలో నేను ఒక గోడను ఢీకొడుతూ ఉండిపోయాను. కోడలు లాపుటాపులో ఏదో టకటకా రాసుకుంది. “ఏం రాస్తున్నావు?” అంటే, “గోడ తప్పేమో అత్తమ్మా, మీ తప్పు కాదు” అంది. ఆ మాట నాకు బాగా నచ్చింది.

రెండో శనివారానికి నడక వచ్చింది. కానీ వంతెన దగ్గరికి వెళ్లేసరికి నా పిల్లకు ఓపిక అయిపోయి కూలబడేది. ప్రతిసారీ అక్కడే. కోడలు వెనకనుంచి చాలాసేపు చూసి అడిగింది.

“దారిల అన్ని గుమ్మడికాయలుంటే, ఒక్కటి గూడ ముట్టకుండ చుట్టు తిరిగి పోతున్నరేంది?”

“పగిలిన గుమ్మడికాయ నడిరోడ్డు మీద ఉంటే తొక్కుతారా ఎవరైనా? ఎవరికి దిష్టి తీసి పడేశారో ఏమిటో!”

“అత్తమ్మా, గవి తొక్కితేనే ఓపికొస్తది! మేం బతుకమ్మ నడుమ గుమ్మడి పువ్వు పెట్టి మొక్కుతం, మీరేమో గుమ్మడికాయను చూస్తే గింత దూరం ఉరుకుతున్నరు.”

మా అబ్బాయిని చెయ్యి పట్టుకుని బడికి నడిపించిన రోజులనుంచీ నా కాళ్లకు అలవాటైన చుట్టుతోవ అది. కళ్లు మూసుకుని, మనసులో దణ్ణం పెట్టుకుని, మొదటి గుమ్మడికాయను తొక్కాను. పిల్ల ఎగిరి గంతేసింది. తర్వాత ఆ ఊళ్లో నేను తొక్కని గుమ్మడికాయ లేదు.

అసలు ముడి నాలుగో వీధి చివర పడింది. అక్కడ కాపలా ఉన్న అస్థిపంజరం ముప్ఫై మిఠాయిలు ఇస్తేనే కొండదారి గేటు తీస్తానంటుంది. నా సంచిలో దారిలో ఏరుకున్నవి పదకొండు ఉన్నాయి. ఊరంతా తిరిగాను, ప్రతి తలుపూ తట్టాను, పదకొండు దాటలేదు. నాలుగు రోజులు అక్కడే. ఇంకోపక్క రెండు నెలల్లో ఒకటి గడిచిపోయింది. కొండ మీద పెద్ద దయ్యంతో కొట్లాటలోనే కుడి బొటనవేలికి అసలైన పని అని కోడలు అనేది. ఆ వేలు మునుపటికంటే కాస్త వంగుతోంది కానీ పెన్ను ఇంకా నిలవడం లేదు. రోజూ ఒకసారి పాత కాగితం వెనక సంతకం పెట్టి చూసుకునేదాన్ని. కోడిగెలుకుళ్లు. చింపి చెత్తబుట్టలో వేసేదాన్ని.

అయిదో రోజు కోడలు ఇంటినుంచే పని చేస్తూ, కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. “ఒక్క ఇంటికి పోయి చూపెట్టుండ్రి” అంది. వెళ్లాను. తలుపు తీసిన ముసలి మంత్రగత్తె, ‘పిడికెడు మిఠాయిలు పెడతాను, కావాలా?’ అంది. కింద రెండు జవాబులు. ‘కావాలి’, ‘వద్దు’. నేను వద్దు నొక్కాను. తలుపు మూసుకుంది.

“అత్తమ్మా! వద్దని ఎందుకు నొక్కిన్రు?”

“మొదటిసారే కావాలంటారా ఏమిటి, ఆబగా? మళ్లీ అడుగుతుంది కదా.”

“అడగదు! మళ్ల మనమే తలుపు కొట్టాలె.”

“ఒక్కసారి వద్దంటే మొహం మీద తలుపు వేసేస్తుందా? అదేం మర్యాద? అసలు ఆ కొండ మీద దయ్యాన్ని కూడా ఎవరో ఇలా ఒక్కసారే అడిగి ఉంటారు. అందుకే అలిగింది.”

ఆమె పడీపడీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది.

“అత్తమ్మా, నేను జడ వేస్తనంటే గూడ మీరు వద్దన్నరు గద. అప్పుడు గూడ...”

కంట్రోలర్ ఒళ్లోకి దించాను. ఉన్నమాట చెప్పాను. “మళ్లీ అడుగుతావనుకున్నానమ్మా.”

“నా చెయ్యి మీకు నచ్చుతలేదేమో అనుకున్న” అంది. “మీ పద్ధతులు వేరు, మా పద్ధతులు వేరు, నేను ముట్టుడు మీకు ఇష్టం లేదేమోనని ఒకటే పరేషాన్. మా హాస్టల్ల వద్దంటే వద్దే. ఇంకోపారి అడిగితే కొట్లాటే.”

రెండు నెలలకు పైగా ఒకే ఇంట్లో, ఒకే సోఫా మీద కూర్చుని, ఆమె మళ్లీ అడగలేదని నేను అలిగాను, నేను వద్దన్నానని ఆమె కుమిలింది. నాకు సిగ్గేసింది. చెల్లెలికి ఫోనులో చెప్పిన మాటలన్నీ గుర్తొచ్చి మరీ సిగ్గేసింది. మళ్లీ అదే తలుపు తట్టాను. ‘కావాలా?’ అంది మంత్రగత్తె. కావాలి నొక్కాను. సంచిలో గలగలా మిఠాయిలు పడ్డాయి. ఇద్దరం ఒకేసారి చప్పట్లు కొట్టాం. అప్పుడు కళ్లు తుడుచుకుంటే ఆట కోసమే అనుకోవచ్చు.

ఆ సంగతి ఆమె ఆఫీసులో చెప్పింది. వాళ్లూ చాలాసేపు నవ్వారట, తర్వాత ఒకరిద్దరు తమ ఇళ్లలో పెద్దవాళ్లూ అంతేనని ఒప్పుకున్నారట. కానీ ఆట మార్చడానికి సమయం లేదు. “కొత్తగ ఆడేటోళ్ల కోసం చిట్కాల పేజీ ఒకటి పెడ్తరంట. మీరు చెప్పుండ్రి, నేను టైపు చేస్త” అంది.

“టైపు ఎందుకు? నేనే రాసిస్తాను” అన్నాను. నోరు జారాను. వెనక్కి తీసుకోవడం నా జాతకంలో లేదు. ఆమె నా చేతి వైపు చూసింది, “ఇంక పన్నెండు రోజులున్నయి” అంది అంతే.

ముందు ఆ కొండ దయ్యం పని పట్టాలి. ఓడించని దయ్యం గురించి చిట్కాలు రాయడం చూడని దస్తావేజుకు నకలు రాయడం లాంటిది. ఆ దయ్యం నిలువెల్లా దుప్పటి చుట్టుకుని ఉంటుంది. దెబ్బలు దానికి తగలవు. కంట్రోలర్ మీద కుడివైపు ఉన్న బుడిపెను బొటనవేలితో మూడు చుట్లు ఆపకుండా తిప్పితే దుప్పటి ఊడుతుంది. నా వేలు ఒక చుట్టు తిరిగి బిగుసుకుపోయేది. దయ్యం ఆవలించి మళ్లీ ముసుగు తన్నేది. ఆ ఆవలింత చూస్తే నాకు పూనకం వచ్చేది. బంతిని పిసకమంటే విసిరేసిన మనిషిని, ఆ ఆవలింత కోసం పొద్దున గంట, సాయంత్రం గంట వేలు తిప్పాను. ఒకటిన్నర చుట్టు. రెండు. మణికట్టు సలిపితే వేడినీళ్లలో పెట్టి మళ్లీ కూర్చున్నాను. ఫిజియోథెరపీ అమ్మాయి ఆ వారం నా వేలు వంచి చూసి, “బంతి బాగా పనిచేసిందండీ” అంది. నేను కాదనలేదు.

ఆదివారం పొద్దున్న పదింటికి, వంటవాడి వేషంలో దెబ్బలు మాన్పుకుని, కొట్లాటకు ముందే పిల్లి వేషంలోకి మారి కొండెక్కాను. ఒకటి, రెండు, మూడు. దుప్పటి ఊడింది. లోపల దయ్యం చారల బనీనులో సిగ్గుపడుతూ నిలబడింది. వలయం చుక్కంత అయింది, నొక్కాను. దయ్యం తుమ్మింది. ఊళ్లో దీపాలన్నీ ఒక్కొక్కటే వెలిగాయి. నేను వేసిన కేకకు పక్క ఫ్లాటు ఆవిడ పరుగెత్తుకొచ్చి కుక్కరేమైనా పేలిందా అని అడిగింది. “దయ్యాన్ని చంపానండీ!” అన్నాను. ఆవిడ మా కోడలి వైపు జాలిగా చూసింది.

ఆ సాయంత్రమే గీతల కాగితం ముందు పెట్టుకున్నాను. మొదటి ప్రతిలో ఏడు కొట్టివేతలు. రెండోదాంట్లో నాలుగు. రోజుకొకటి రాశాను. అక్షరం మొదట తాగినవాడిలా తూలింది, తర్వాత గోడ పట్టుకుని నడిచింది, ఎనిమిదో రోజుకు దాని కాళ్ల మీద అది నిలబడింది. రాసినవి ఇవీ: కొట్లాటకు ముందే వేషం మార్చుకోండి. గుమ్మడికాయలు నిర్భయంగా తొక్కండి, దిష్టి తగలదు. ఎవరితోనైనా రెండుసార్లు మాట్లాడండి, అసలు సంగతి రెండోసారే చెప్తారు. గోడ అడ్డొస్తే అది గోడ తప్పు. ఇస్తామంటే మొదటిసారే పుచ్చుకోండి, మళ్లీ అడగరు.

అన్నిటికీ కింద, చెయ్యి తనంతట తానే రాసింది: కొట్టివేతలు లేవు, దిద్దుబాట్లు లేవు.

ఆఫీసువాళ్లకు ఆ రాత నచ్చి, టైపు చేయకుండా ఉన్నదున్నట్టు ఆటలో ఊరి మొదట్లో బోర్డుగా పెడతామన్నారు. దానికి నా ఒప్పుదల కాగితం ఒకటి కావాలట. కోడలు తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టింది. కాగితం చివర చుక్కల గీత. పెన్ను తీసుకున్నాను. పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, చివర నా పాత మెలికతో సంతకం పెట్టాను. అయ్యాక ఎడమ బొటనవేలు ఎత్తి ఒకసారి చూసుకున్నాను. శుభ్రంగా ఉంది.

ఆట విడుదలైన వారం గచ్చిబౌలి ఆఫీసులో వేడుకకు నన్నూ రమ్మన్నారు. ఆ పొద్దున అద్దం ముందు నిలబడి జడ అల్లుకుంటున్నాను. మూడు పాయలూ వేళ్లలో సాఫీగా నడుస్తున్నాయి, సగానికి వచ్చాను. కోడలు తలుపు దగ్గర ఆగింది. నా చేతులు చూసింది. అయినా అడిగింది.

“అత్తమ్మా, జడ వేయనా?”

అడిగి, రెండోసారి అడగడానికి నోరు తెరవబోతోంది. నేను అల్లిన సగమూ విప్పేసి, దువ్వెన ఆమె చేతికిచ్చి, అటు తిరిగి కూర్చున్నాను.

“వెయ్యమ్మా” అన్నాను.